రెండో చరణం

ఆవిడ పాట మోగని ఇల్లు లేదు. బస్సులో, మంగలి షాపులో, కుక్కర్ విజిళ్ల మధ్య వంటింట్లో, ఎక్కడ చూసినా ఆవిడ గొంతే. అలాంటిది, ఈమధ్య ఒక పాట రేడియోలో మొదలైతే చాలు, ఆవిడే లేచి వెళ్లి టక్కున కట్టేస్తోంది.

"అదేంటక్కా, నీకు బహుమతి తెచ్చిపెట్టిన పాట కదా!" అంటాడు తమ్ముడు.

తలనొప్పి అంటుంది. తలనొప్పీ లేదు, పాడూ లేదు. సిగ్గు. ఒళ్లంతా చచ్చేంత సిగ్గు.

మొదట్నుంచీ చెబితేగానీ తెలియదు. పదిహేడో ఏట ట్రాకులు పాడటానికి స్టూడియోకి వచ్చింది. ట్రాక్ అంటే ఏముంది, పేరున్న గాయని తీరిగ్గా వచ్చి పాడేదాకా ఆ పాట ఎవరో ఒకరు పాడి ఉంచాలి. పెద్దావిడ పాడగానే చిన్నదాని గొంతు చెరిపేస్తారు. ఏడేళ్లు పాడింది, ఏడేళ్లూ చెరిపించుకుంది. చివరికి ఓ పెద్ద గాయని ట్రాక్ విని, "ఇంతకంటే నేనేం పొడిచేస్తానయ్యా? ఈ పిల్ల గొంతే ఉంచి, పేరు కూడా వేయండి" అని చక్కా వెళ్లిపోయింది. అక్కణ్నుంచి ముప్ఫై ఏళ్లు ఈవిడకి ఊపిరి సలపలేదు.

యాభై దాటాక గొంతు మొరాయించింది. ఆ బహుమతి పాటలో రెండో చరణం బాగా పైకి వెళ్లాలి. పదిసార్లు పాడింది, పదిసార్లూ జీరే. సౌండ్ ఇంజనీరు మొహమాటస్తుడు. "మీరు ఇంటికెళ్లండమ్మా, నేను చూసుకుంటాను" అన్నాడు. ఏం చూసుకుంటాడో ఆవిడకి తెలియదా? శుభ్రంగా తెలుసు. ఆ నాలుగు లైన్లూ ట్రాక్ పాడిన పిల్లవే ఉంచేశాడు. జనం సరిగ్గా ఆ నాలుగు లైన్లకే పడి చచ్చారు, ఖర్మ! ఈవిడ వేదికెక్కి బహుమతి పుచ్చుకుని, "అంతా మీ అభిమానం" అని దణ్ణం పెట్టింది. ఆ పిల్లకి తన గొంతు తెలియదా? తెలిసినా ఎవరితో చెప్పుకుంటుంది, నమ్మేదెవరు?

మొన్న ఓ కుర్ర సంగీత దర్శకుడు కొత్త గాయని కోసం పరీక్ష పెట్టి, ఈవిణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నెగ్గినవాళ్లకి సొంత పేరుతో ఒక పాట. వచ్చినవాళ్లలో ఆ పిల్లా ఉంది. అద్దం అవతల మైకు ముందు నిలబడి ఏం ఎత్తుకుందనుకున్నారు? అదే రెండో చరణం. ఎక్కడా వణుకు లేదు.

దర్శకుడు పెదవి విరిచాడు. "బాగుందమ్మా, కానీ అచ్చు ఈవిణ్ని దింపేస్తున్నావు. కాపీ కొట్టేవాళ్లతో నాకేం పని?" అని ఈవిడ వైపు తిరిగాడు. "మీరేమంటారండీ?"

పిల్ల కూడా ఈవిడ వైపే చూసింది. కోపంగా కాదు. చెప్తారులే అన్నట్టు చూసింది.

ఒక్క మాట చాలు. ఆవిడ నోరు తెరిచింది. బహుమతి, పేపర్లో ఫొటో, రేపు జనం అనబోయే మాటలు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"నన్ను అనుకరించడం మానెయ్యమ్మా" అంది. ఛీ, అనేసింది!

"సరేనమ్మా" అంది పిల్ల.

"ట్రాకులకైతే పనికొస్తుందిలెండి. మధ్యాహ్నం మీ పాటకి ఈ అమ్మాయే పాడుతుంది" అన్నాడు దర్శకుడు ఉదారంగా, ఇంకొకరిని పిలవడానికి బయటికెళ్తూ.

పిల్ల హెడ్‌ఫోన్ తీయబోయి ఆగింది. "అమ్మా, మధ్యాహ్నం పాట మీలా పాడమంటారా, నాలా పాడమంటారా? తేడా ఏంటో నాకు తెలియట్లేదు."

ఆవిడ తల వంచుకుంది. నొక్కి పట్టుకుంటేనే అవతలికి మాట వినిపించే స్విచ్ మీద వేలుంది. ఆ వేలు తీసేసి, అప్పుడంది, "నీలాగే పాడు తల్లీ."

అద్దం అవతల పిల్ల, జవాబు కోసం ఇంకా చూస్తూనే ఉంది.