కండెమ్ చేసిన సెన్సర్

సరోజినీ నగర్ సర్కారు క్వార్టర్లలో ఉండే త్యాగరాజుగారు ఇరవై ఎనిమిదేళ్లుగా ఓ కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో కొనుగోళ్ల సెక్షన్ చూస్తున్నారు. ఆయన సంతకం లేకుండా ఆ ఆఫీసులోకి గుండుసూది కూడా రాలేదు. చిక్కేమిటంటే, సాయంత్రం ఆయన ఇల్లు చేరినా ఆ సెక్షన్ ఆయన్ని వదిలేది కాదు. కొత్తిమీర కట్టకి కూడా ముగ్గురు బళ్లవాళ్ల దగ్గర కొటేషన్లు తీసుకునేవారు. కొత్త చీపురు కొనాలంటే ముందు పాతదాన్ని పనికిరాదని తేల్చి, కండెమ్ చేసి, బయటికి పంపాలి. పాతది స్టాకులో ఉండగా కొత్తది కొంటే ఆడిట్ ఊరుకోదు మరి. ఇంట్లో ఆడిట్ ఎవరండీ అని భార్య భానుమతిగారు ఓసారి అడిగి, ఆయన జవాబు సగంలో ఉండగానే నిద్రపోయారు.

ఆ సోమవారం వాళ్ల కారులో పసుపుపచ్చ దీపం వెలిగి మరి ఆరలేదు. మార్కెట్ వెనక ఉండే మెకానిక్ చూసి, వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నాడు. ఇంజిన్ వదిలే పొగలో ఆక్సిజన్ ఎంతుందో వాసన చూసి చెప్పే ముక్కు అది. ముక్కు పోయిన ఇంజిన్ తాగాల్సినదానికి రెట్టింపు పెట్రోలు తాగుతూ, ఎక్కడపడితే అక్కడ ఆగిపోతోంది. మెకానిక్ దాన్ని ఊడదీసి ఆయన చేతిలో పెట్టాడు.

"నంబర్ దేఖ్ కే లానా, సాబ్," అని, దీని మీది నంబరు చూసి అదే తెమ్మని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

వారం రోజులు ఆగే పనైతే ఆగేవారే. కానీ ఆదివారం ధౌలా కువాన్‌లో కాలేజీ హాల్లో తెలుగువాళ్ల సభ, అందులో భానుమతిగారి వీణ. పెళ్లయ్యాక ఆవిడ వేదిక ఎక్కడం ఇదే మొదలు. కిందటేడు వీణని ఓ అద్దె కారులో తెస్తుంటే దాని సొరకాయ బుర్ర పగిలి, దాన్ని బాగుచేయించడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటినుంచి వీణ పరాయి బండి ఎక్కదు. సొంత కారులో సీట్లు మడిచి, బొంత పరిచి పడుకోబెట్టాల్సిందే. కారు లేకపోతే కచేరీ లేదని ఆవిడ నెమ్మదిగానే చెప్పేశారు.

త్యాగరాజుగారు వెంటనే రంగంలోకి దిగారు. అంటే, కాగితం మీద గీతలు కొట్టారు. కశ్మీరీ గేట్‌లో కారు విడిభాగాల దుకాణం ఒకటి, ఫరీదాబాద్ డీలరు ఒకరు, ఆన్‌లైన్‌వాళ్లు ఒకరు. ధరకో గడి, గ్యారంటీకో గడి, ఎన్నాళ్లకి వస్తుందన్నదానికో గడి. సరుకు పేరు దగ్గర "ఆక్సిజన్ సెన్సర్, ఒకటి" అని రాశారు. నంబరుకి గడి లేదు, ఎందుకంటే ఆఫీసు ఫారంలోనూ లేదు. అందరికంటే తక్కువ చెప్పిన ఆన్‌లైన్‌వాళ్లకి ఆర్డరు వెళ్లింది. శుక్రవారం పాత సెన్సర్ని కండెమ్ చేసి, పాత పేపర్ల కట్ట మీద పెట్టి, పాత సామాన్లు కొనే కబాడీవాలాకి వేసెయ్యమని ఇంట్లో చెప్పి ఆఫీసుకి వెళ్లారు.

శనివారం పొద్దున కొత్తది వచ్చింది. మెకానిక్ దాని వైర్లు లెక్కపెట్టి నవ్వాడు. దీనికి నాలుగు, బండి ప్లగ్గుకి ఐదు కావాలి. పులుసు రుచి చూసి ఉప్పు ఎక్కువో తక్కువో మాత్రం చెప్పేది ఇది, ఎన్ని చిటికెలు తేడా ఉందో చెప్పేది మీది అన్నాడు. షోరూంలో అడిగితే తెప్పించడానికి పది రోజులన్నారు. పాతదాని మీద నంబరు చెక్కి ఉంటుంది, అది పట్టుకెళితే కశ్మీరీ గేట్‌లో ఈపూటే దొరుకుతుందని మెకానిక్ ధైర్యం చెప్పాడు. త్యాగరాజుగారికి కబాడీవాలా గుర్తొచ్చాడు.

ఇంటికొస్తే భానుమతిగారు వీణకి శ్రుతి చేసుకుంటున్నారు. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఎన్నడూ పడనంత సిగ్గుపడ్డారు.

"పప్పులో కాలేశాను భానూ. నంబరు ఆ పాతదాని మీదే ఉందిట."

ఆవిడ వీణ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లి, పాత బిస్కెట్ డబ్బా తెచ్చారు. అందులో సాగిపోయిన కుక్కర్ గాస్కెట్లు, మిక్సీ ముక్కలు, కుళాయి వాషర్లు. అన్నిటి మీదా పొగచూరిన సెన్సర్.

"కొత్త గాస్కెట్ కొనాలంటే పాతది పట్టుకెళ్లి చూపిస్తామా లేదా? కొత్తది బిగించి చూసేదాకా పాతది గడప దాటకూడదండీ," అన్నారు ఆవిడ. "కబాడీవాడికి పేపర్లే వేశాను."

పోయిన నెల ఆ డబ్బానే పనికిరాని సామానుగా తీర్మానించి, బయటికి పంపాలని నోటు రాసి, ఆవిడ సంతకం కోసం ఫ్రిజ్ మీద పెట్టింది త్యాగరాజుగారే. ఆవిడ సంతకమూ పెట్టలేదు, పోట్లాడనూ లేదు. ఆయన సెన్సర్ని రుమాల్లో చుట్టుకుని మెట్రోకి పరిగెత్తారు. ఒక్కటే దుకాణం, కొటేషన్ లేదు, బేరం లేదు. నంబరు కలిసింది, వైర్లు ఐదు. చీకటి పడకముందే పసుపు దీపం ఆరింది.

ఆదివారం హాల్లో ఆవిడ మొదటి కీర్తన ఎత్తుకోగానే ముందు వరసలో ఉన్న త్యాగరాజుగారి కళ్లు చెమర్చాయి. చెయ్యి జేబులోకి పోయింది. రుమాలుతోపాటు పాత సెన్సర్ కూడా వచ్చింది. ఇంటికి తిరిగి చేరేదాకా దాన్ని దగ్గరే ఉంచుకోమని ఆవిడ ఆజ్ఞ.

ఇల్లు చేరగానే ఆయన ఫ్రిజ్ మీది నోటు తీసి, "ఈ డబ్బా శాశ్వత ఆస్తి" అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఆవిడకిచ్చారు. భానుమతిగారు చదివి, నాలుగు మడతలు పెట్టి, సెన్సర్‌తో పాటు డబ్బాలో వేసి మూత పెట్టారు.

"ఉండనివ్వండి, మళ్లీ పనికొస్తుంది," అన్నారు.