మేడం పేరు మీద టికెట్

మా మేడం పోయారు. పొద్దున్నే కోదాడ నుంచి వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి, అక్క తెల్లవారుజామున కన్నుమూసిందని, మధ్యాహ్నం ప్రార్థన, ఆ తర్వాత సమాధి అని చెప్పాడు. అప్పుడు నేను త్రిపురారంలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో ఉన్నాను. బయట యాసంగి పంట వడ్ల లారీలు బారులు తీరి ఉన్నాయి, పైన మబ్బు పట్టి ఉంది. నాకు ఏడుపు రాలేదు. పక్కనున్న బస్తాల మీద కూర్చుండిపోయాను.

ఆమె ఎవరో మీకు చెప్పాలి. మాది మిల్లుల సమాచారం చూసే చిన్న కంపెనీ. ఏ మిల్లుకు ఎన్ని వడ్లు వచ్చాయి, ఎంత జాగా మిగిలింది అన్నదంతా హైదరాబాద్‌లోని ఒక పెద్ద సర్వర్‌లో చేరుతుంది. దాన్ని డేటా వేర్‌హౌస్ అంటారు. మిల్లు కంప్యూటర్ దానితో కలిస్తేనే లారీకి గేట్ పాస్ వస్తుంది, పాస్ వస్తేనే వడ్లు దిగుతాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు వైపులా ఆ కనెక్షన్లు చూసుకున్నది మేడమే. ఆమె కూర్చునేది సూర్యాపేటలో. నేను మిర్యాలగూడలో ఆమె కింద పనిచేసేవాణ్ని.

ఆ సర్వర్‌లోకి పోవడానికి ప్రతిసారీ పాస్‌వర్డ్ అక్కర్లేదు. పొద్దున ఒకసారి మనం ఎవరమో రుజువు చేసుకుంటే ఒక టికెట్ ఇస్తుంది. సాయంత్రం దాకా అది చూపిస్తే చాలు. చెప్పడానికి ఇంతే. అది పనిచేయని రోజు మాత్రం ప్రాణం విసిగిపోతుంది. ఎర్రర్ ఒకటి చెబుతుంది, తప్పు ఇంకెక్కడో ఉంటుంది. నేను కంగారుగా ఉన్నవన్నీ తీసేసి, మళ్లీ వేసి, ఏదీ కుదరక చివరికి ఆమెకు ఫోన్ చేసేవాణ్ని.

"ఎర్రర్ మొత్తం చదువు. నీ ఊహలు తర్వాత విందాం" అనేవారు. సగం చదివి ఆపితే ఊరుకునేవారు కాదు. అటు నుంచి ఇడ్లీ తింటూ అక్షరం అక్షరం చదివించుకునేవారు. మధ్యలో చట్నీ బాగాలేదని కూడా నాకే చెప్పేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆమె అడిగేదానికి ఒక వరస ఉండేది. టైం సరిగ్గా ఉందా? సర్వర్‌ను పూర్తి పేరుతో పిలుస్తున్నావా, నంబర్‌తోనా? చేతిలో టికెట్ ఉందా, గడువు తీరిందా? ఉంటే ఎవరి పేరు మీద ఉంది? ఎన్నేళ్లు చేసినా ఆ వరస మార్చనిచ్చేవారు కాదు. ఇంత చదివినవాణ్ని పట్టుకొని టైం ఎంతైందని అడుగుతారేమిటని నాకు నామోషీగా ఉండేది.

ఎందుకు అడిగేవారో నాకు బుర్రకెక్కింది ఈ త్రిపురారం మిల్లులోనే. ఒకప్పుడు ఇక్కడ రోజూ పొద్దున కనెక్షన్ పోయేది. నేను వచ్చి కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే నడిచేది, మర్నాడు మళ్లీ అదే గోల. చివరికి మేడం బస్సెక్కి వచ్చారు. చెప్పులు బయట విడిచి, మంచినీళ్లు తాగి, కంప్యూటర్ వైపు కూడా పోకుండా గోడ గడియారం చూశారు. తన ఫోన్ చూసుకున్నారు. గడియారం పది నిమిషాలు ముందుంది.

రాహుకాలం రాకముందే మొదటి తూకం పడాలని, మిల్లు యజమాని సేటు వాళ్ల నాయన కాలం నుంచి ఆ మిల్లులో గడియారం ముందుకు తిప్పి పెట్టుకుంటారట. గుమస్తా భక్తిగా పొద్దున్నే కంప్యూటర్‌కు దండం పెట్టి, దాని టైం కూడా గోడ మీద టైంతో కలిపేవాడు. నేను ఆపి మళ్లీ వేస్తే టైం దానంతటదే సరయ్యేది, అందుకే నాకు పట్టుబడలేదు. మన టైంకూ సర్వర్ టైంకూ ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే టికెట్ చెల్లదు. ఎవరో పాత టికెట్ ఎత్తుకొచ్చారేమోనని అది అనుమానిస్తుంది.

సేటుకు కోపం వచ్చింది. "మా నాయన పెట్టిన టైం మేడం ఇది. మీ కంప్యూటర్ కోసం మారుస్తమా?" అన్నాడు. నేను వాదనకు దిగబోతే మేడం చేత్తో ఆపారు.

"గోడ మీద టైం మీదండీ, దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఈ డబ్బాలో టైం హైదరాబాద్ వాళ్లది. మీ గుమస్తాను దీని జోలికి రావద్దనండి, చాలు."

సేటు చాయ్ తెప్పించాడు. తిరుగు బస్సులో ఆమె నాకు నాలుగు చీవాట్లు పెట్టారు. నువ్వు వాళ్ల తప్పు చూపించాలని చూశావు, వాళ్లకు కావాల్సింది లారీ దిగడం అన్నారు.

ఆమెతో పని చేయడం సుఖమని నేను అనను. ఒక్కసారి కూడా మెచ్చుకున్న పాపాన పోలేదు. కిందటేడాది నుంచి కిడ్నీలు పాడై, సూర్యాపేట దవాఖానలో డయాలసిస్ మంచం మీద పడుకొని కూడా ఫోన్ ఎత్తేవారు. అలసిపోయిన గొంతుతో అదే వరస అడిగేవారు. నాకు వచ్చిన పనంతా ఆ గొంతు నేర్పిందే. ఆ మాట ఆమెతో అనలేదు, అంటే ఎర్రర్ చదవమనేవారు.

ఆమె పోయిన రోజే అసలు చిక్కు వచ్చింది. ఎప్పుడో తొందరలో మిల్లులన్నిటి టికెట్లూ తన పేరు మీద వచ్చేలా పెట్టారు. మనిషి పేరు తీసి పని పేరుతో ఖాతా ఇవ్వమని హైదరాబాద్ సర్వర్ వాళ్లను అడిగి అడిగి, చివరికి అడగడం మానేశారు. ఇప్పుడు చావు కబురు అందగానే, నియమం ప్రకారం వాళ్లు ఆమె ఖాతా మూసేశారు. నేరేడుచర్ల మిల్లులో కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ మళ్లీ లేచేసరికి పొద్దుటి టికెట్ పోయింది, సర్వర్ కొత్తది ఇవ్వనంది. ఫోన్లో అక్కడి ఆపరేటరమ్మను ఎర్రర్ మొత్తం చదవమన్నాను. టైం సరిగ్గానే ఉంది. సర్వర్ పేరు సరిగ్గానే ఉంది. ఎవరి పేరు మీద టికెట్ అడుగుతోందో చదవమంటే, మేడం పేరు చదివి, ఆ ఖాతా మూసేశారని ఉంది సార్ అంది.

హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. కొత్త ఖాతా రేపు పొద్దునకని, పాతది తెరవడం కుదరదని చెప్పారు. బయట ఉరుములు మొదలయ్యాయి. రైతులు వడ్ల మీద టార్పాలిన్ పట్టాలు లాక్కుంటున్నారు. వేములపల్లి రైతు ఒకాయన లోపలికి వచ్చి, "తడిస్తే ఎవరు తీసుకుంటరు సార్?" అని మెల్లగా అడిగాడు.

త్రిపురారం కంప్యూటర్‌లో చూశాను. ఇక్కడ పొద్దున దానంతటదే తీసుకున్న టికెట్ ఇంకా ఉంది. ఖాతా మూసినా, అంతకుముందే ఇచ్చిన టికెట్ గడువు దాకా చెల్లుతుంది. గడువు సాయంత్రం ఐదు. ఆమె కన్నుమూశాక, ఆమె పేరు మీద వచ్చిన టికెట్ అది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

నేరేడుచర్ల లారీలను కూడా ఇటే పంపమన్నాను. ఇక్కడి ఆపరేటర్ అమ్మాయికి కంప్యూటర్ బంద్ చేయవద్దని, పాసులు తీయడం తప్ప దేన్నీ ముట్టుకోవద్దని చెప్పాను. సేటు ఇన్వర్టర్ పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. "నువ్వు పో. ఆమెకు మట్టి వెయ్యి. గీడ నేను సూసుకుంట" అన్నాడు.

నేను కోదాడ చేరేసరికి ప్రార్థన అయిపోయింది. సమాధుల తోటలో పెట్టె దించుతున్నారు. నా వంతు మట్టి వేసి చేతులు దులుపుకుంటుంటే ఫోన్ మోగింది. త్రిపురారం ఆపరేటర్ అమ్మాయి.

"సార్, ఆఖరి లారీ కూడా లోపలికి పోయింది. టికెట్‌కు ఇంక కొంచెమే టైం ఉంది. మేడం పేరు తీసెయ్యాల్నా?"

"వద్దమ్మా. ఉన్నంతసేపు ఉండనియ్" అన్నాను.

వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వాళ్ల తమ్ముడు బండి దాకా పోయి, వెనక్కి తిరిగి నన్ను రమ్మని పిలిచాడు. వస్తానని చెయ్యి ఊపి, ఐదయ్యేదాకా ఆ పచ్చి మట్టి పక్కనే నిలబడ్డాను.