గడియ లేని తలుపు

బడిలో కౌన్సెలర్ ఉద్యోగంలో చేరిన తొలిరోజే ఆమె తన గొయ్యి తానే తవ్వుకుంది. కౌన్సెలింగ్‌కు వచ్చే పిల్లల పేరు, తరగతి, సమస్య రాయడానికి గళ్లు గీసి, పెద్ద మేడమ్ మెప్పుకోసం ఓ రిజిస్టరు తయారుచేసింది. మేడమ్‌కు అది తెగ నచ్చింది. ప్రతి శనివారం తన బల్లమీదికి రావాలంది. మూడు నెలల్లో నిండకపోతే ఈ పోస్టే దండగని కూడా అంది.

పదిరోజులైనా ఒక్క గడీ నిండలేదు. కౌన్సెలింగ్‌కని ఆటసామాన్ల గదికి సున్నం కొట్టి ఇచ్చారు, ఇంకా పాత బంతుల వాసనే. తలుపు సరిగ్గా స్టాఫ్‌రూముకు ఎదురుగా ఉంది. పిల్లలు దాన్ని 'మెంటల్ గది' అంటున్నారని ఆయా చెవిన వేసింది. ఇంట్లో అక్క, ఈగలకైనా సలహాలు చెప్తున్నావా అని ఆటపట్టిస్తే నవ్వింది గానీ, ముద్ద దిగలేదు.

పదకొండో రోజు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె సుద్దముక్కల డబ్బా పట్టుకుని, దారి తప్పినట్టు లోపలికొచ్చింది. ముందురోజు ప్రార్థనలో కళ్లు తిరిగి పడింది ఆ పిల్లే. తిండి తినదని అందరూ తిట్టారు. అసలు సంగతి వేరని ఆ పిల్ల చెప్పింది. ఆడపిల్లల మరుగుదొడ్డి గడియ ఊడి నెలలైంది. అటు వెళ్లాల్సొస్తుందని తనూ నేస్తాలూ పొద్దుట్నుంచి నీళ్లు ముట్టరు.

ఆమె పెన్ను తీసింది. పిల్ల గుమ్మం వైపు చూసింది.

"నా పేరు రాస్తారా మేడమ్? పోయినసారి గడియ గురించి అడిగిన అక్క వాళ్ల నాన్నని పిలిపించారు."

"రాయనమ్మా."

అనేసింది గానీ, పేరు లేకపోతే కేసే కాదన్నది మేడమ్ మాట. వెళ్లి చూస్తే మరుగుదొడ్డి తలుపుకు నాలుగు మేకుల కన్నాలే మిగిలాయి. బడి గేటుకు మాత్రం మొన్ననే రంగు వేశారు. దాహం చంపుకుంటున్న పిల్లలకు ధైర్యం నూరిపోయడానికా తనకు జీతం?

శనివారం మేడమ్ రిజిస్టరు తెరిచి కళ్లజోడు సర్దుకుంది.

"ఇదేంటమ్మా, పేరు దగ్గర నీ పేరుంది?"

"మూడ్రోజులుగా నేనూ అక్కడికే వెళ్తున్నానండి. ఒక చేత్తో తలుపు పట్టుకునే కూర్చోవాలి."

స్టాఫ్‌కు వేరే ఉంది కదా అనబోయి మేడమ్ ఆగింది. వడ్రంగికి కబురు పెట్టమని ఆయాతో చెప్పింది. ఆమె వైపు మాత్రం తలెత్తలేదు.

సోమవారం కొత్త గడియ పడింది. ఇంటర్వెల్‌లో అదే సుద్దముక్కల డబ్బాతో ఈసారి ఇద్దరొచ్చారు. ఆమె రిజిస్టరును సొరుగులోకి తోసేసింది. శనివారానికి ఇంకా ఐదు రోజులున్నాయి.