మంచులోకి నూలు ప్యాంటు వద్దన్నాను

నేను రాజవ్వను, డెబ్బై దాటినదాన్ని. చెన్నూరులో కొడుకు సత్తయ్య, కోడలు స్వరూప, మనవరాలు నవ్యతో ఉంటాను. మాది మరమగ్గాల ఇల్లు. నేను చెబుతుంటే నవ్య ఫోన్‌లో ఈ పోస్టు రాస్తోంది.

రేపు నవ్య కాలేజీ పిల్లలతో హిమాచల్‌కు, మంచు మీద స్కీయింగ్ నేర్చుకోవడానికి వెళ్తోంది. నీళ్లు దిగని ప్యాంటు అక్కడే అద్దెకు తీసుకొమ్మన్నారు. అదెందుకని, సత్తయ్య మా మగ్గం మీద నేసిన దొడ్డు నూలు బట్టతో ఈ రోజు ప్యాంటు కుట్టించి సంచిలో పెట్టాడు. నేను తీసి బయట పడేశాను.

"గదేందే అవ్వా, అక్క గప్పుడు మన బట్టతోనే పోలేదా?" అన్నాడు. అక్కంటే నా పెద్దబిడ్డ లక్ష్మి, ఒకప్పుడు తనూ ఇలాగే మంచు మీద జారడం నేర్చుకోబోయింది.

"పోయింది. ఒక్కపారి పడంగనే బట్టంత నీళ్లు తాగింది. మిగిలిన దినాలు గదిల కుంపటి కాడ కూసొని వచ్చింది. మంచు జూసింది గని, జారుడు నేర్సిందా?"

"మన బట్ట మనమే వద్దంటే ఊరోళ్లు కొంటరా?"

"ఊరోళ్లకు ఎండకాలం అమ్ము. పిల్లను సలిల నానబెట్టకు."

అప్పట్లో కొత్తవాళ్లంతా జీన్సు, స్వెట్టరు వేసుకొని మంచులో దిగేవారట. ఇప్పుడు మొదటిరోజే తడవని బట్టలు, తలకు హెల్మెట్. మంచిదే. మగ్గం కండెలకు దారం చుట్టి బతికినదాన్ని, నూలంటే నాకూ ప్రాణమే. అలాగని పిల్లను వణికించను.

మీ పిల్లనైతే ఏం తొడిగి పంపుతారో కింద రాయండి, నవ్య చదివి వినిపిస్తుంది.

ఈ పోస్టుకు పెట్టిన ఫోటోలో ఉన్నది నా వేలిముద్ర, ఇవి నా మాటలేననడానికి. సాక్షులు స్వరూప, పక్కింటి మల్లమ్మ. సత్తయ్య సాక్షిగా ఉండనన్నాడు గానీ, నూలు ప్యాంటు లేకుండా సంచి మళ్లీ సర్దుతున్నది వాడే.