వేడెక్కితేనే వచ్చే లైటు

నాకు షెడ్డు లేదు. ఒక బైకు, వీపున ఒక సంచీ, సంచీలో స్కానరు. పొద్దున తెనాలి, మధ్యాహ్నం రేపల్లె, సాయంత్రం బాపట్ల. ఏ షెడ్డువాళ్ళు ఫోన్ చేస్తే అక్కడికి పరుగు. కొత్త రకం డీజిల్ బండ్లు వచ్చాక ఎంత పాత మేస్త్రీకైనా డాష్‌బోర్డు మీద లైటు ఎందుకు వెలిగిందో అంతుపట్టడం లేదు. అందుకే నాకు పని. వెళ్తాను, వైరు తగిలిస్తాను, అంకెలు చూస్తాను, ఒక మాట చెబుతాను, వెళ్ళిపోతాను. పది నిమిషాలు ఒకచోట నిలబడితే నా కాళ్ళు ఊరుకోవు. ప్రసంగం అయ్యేలోపు మూడుసార్లు మంచినీళ్ళ వంకతో లేస్తాడని మా అమ్మ మా చర్చి పాస్టరుగారికే నా మీద ఫిర్యాదు చేసింది.

నోటిదీ అదే తొందర. ఆ తొందర ఒక మనిషి పరువు మీదికి ఎలా తెచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

తెనాలిలో ఒకాయనకు మూడు వ్యాన్లున్నాయి. వాటిలో ఒకటి రేపల్లెలో రొయ్యల పెట్టెలు ఎక్కించుకుని బాపట్ల మీదుగా చీరాల వెళ్తుంది. దాని డ్రైవరు యాభై దాటిన సాయిబుగారు. ఓనరుగారి నాన్న హయాం నుంచీ ఆ ఇంటి బండ్లే నడుపుతున్నాడు. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. ఆ వ్యానుకు పొగ ఫిల్టరు లైటు పట్టుకుంది. లైటు రాగానే ఇంజను నీరసపడిపోతుంది, ఎంత తొక్కినా నలభై దాటదు, పెట్టెల్లో ఐసు కరిగిపోతుంది.

ఈ ఫిల్టరు సంగతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పొగగొట్టంలో మసిని పట్టి ఆపే డబ్బా అది. దాని ముందు నుంచి ఒక సన్న గొట్టం, వెనక నుంచి ఒక సన్న గొట్టం బయలుదేరి ఒక చిన్న సెన్సరులోకి వెళ్తాయి. ముందు ఒత్తిడికీ వెనక ఒత్తిడికీ తేడా ఎంతో సెన్సరు చెబుతుంది. తేడా ఎక్కువైతే మసి నిండిందన్నమాట. ఇంజను ఆపేస్తే పొగే ఉండదు కాబట్టి తేడా సున్నా చూపాలి. చూపకపోతే సెన్సరుకో గొట్టాలకో రోగం.

మొదటిసారి పొద్దున్నే తెనాలి షెడ్డులో చూశాను. ఇంజను ఆపితే సున్నా. స్టార్టు చేస్తే చూపాల్సినంతే చూపింది. లైటు తుడిచేసి వెళ్ళిపోయాను. నాలుగు రోజులకు మళ్ళీ వచ్చింది. అప్పుడు బాపట్లలో ఉన్నాను. సెన్సరు మార్చేయమని షెడ్డు మేస్త్రీకి ఫోన్లోనే చెప్పాను. మార్చాడు. వారం తిరక్కుండా మళ్ళీ లైటు.

ఈసారి నేను వెళ్ళేసరికి బాబాయ్ నా బైకు దగ్గరికే ఎదురొచ్చాడు.

"అబ్బాయ్, నువ్విట్టా చల్లగా ఉన్నప్పుడు చూస్తే అది దొరకదయ్యా. కర్లపాలెం దాటి, బాగా వేడెక్కాకే వస్తది. ఒక్కసారి నాతో రేపల్లె నుంచి బాపట్ల దాకా కూర్చో."

"నీతో షికారుకొస్తే ఇక్కడ నాలుగు బండ్లు ఆగిపోతాయి బాబాయ్."

"పోనీ ఒకసారి కిందికి దూరి చూడరాదూ?"

"మిషను చెబుతుంటే దూరడం ఎందుకు?" అన్నాను. వైరు తగిలించాను. మళ్ళీ సున్నా. నాకు ఒళ్ళు మండిపోయింది. పొన్నూరు నుంచి అప్పటికే రెండు ఫోన్లు వచ్చాయి.

పక్కనే వ్యాను స్టాండులో టీ బంకు దగ్గర ఓనరుగారు నిలబడి ఉన్నారు. చుట్టూ ఐదారుగురు డ్రైవర్లు. బాబాయ్ కూడా టీ గ్లాసు పట్టుకుని అక్కడే ఉన్నాడు.

"ఏంటయ్యా ఇంతకీ దీని రోగం?" అని ఓనరుగారు అడిగారు.

తెలియదండీ అంటే సరిపోయేది. ఆ మాట నా నోటికి రాదు. బైకు అప్పటికే స్టార్టు చేసేశాను. "సెన్సరు కొత్తదండీ. వైరింగు శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది డీజిలే. రేవు దగ్గర డబ్బాల్లో అమ్మే లూజు సరుకేమన్నా పడుతుందేమో కనుక్కోండి" అనేసి గేరు వేశాను.

నేను ట్యాంకు మూత కూడా తీసి చూడలేదు. బాబాయ్ నా వంక ఒకసారి చూశాడు. పంపులో కొట్టించిన డీజిలు ఎక్కడో అమ్ముకుని, డ్రైవరు చవక కల్తీ లూజు సరుకు పోస్తున్నాడన్న అర్థం ఆ మాటలో ఉందని నాకు తెలియక కాదు. వారం తిరిగేసరికి ఆయన పని పోయింది. స్టాండులో కుర్రడ్రైవర్లు ఆయనకు లూజు సాయిబు అని పేరు పెట్టారు. ఆ పేరు నా ముందు అన్నప్పుడు నేనూ నవ్వాను.

నెల కూడా గడవలేదు, ఓనరుగారు ఫోన్ చేశారు. కొత్త డ్రైవరు. డీజిలు దగ్గరుండి ఓనరుగారే పంపులో కొట్టిస్తున్నారు. అయినా లైటు వచ్చిందట. "ఇప్పుడేమంటావు?" అన్నారు. ఆ రోజు అమృతలూరులో ఒక ట్రాక్టరు, కాకుమానులో ఒక జీపు చూడాలి. రెండుచోట్లా ఏం చూశానో నాకే గుర్తులేదు. అన్నం ముందు కూర్చుంటే టీ గ్లాసు పట్టుకున్న ఆ మనిషి చూపే. మర్నాడు బైకు రేపల్లెలో వదిలేసి, స్కానరు ఒళ్ళో పెట్టుకుని, ఆ వ్యానులో కొత్త డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఒక బండిలో అంతదూరం కూర్చోవడం అదే మొదలు.

దారంతా కుదురు లేదు. సీటులో అటూ ఇటూ జరుగుతుంటే ఆ డ్రైవరు, "ఏంటన్నా, చీమలు కుడుతున్నాయా?" అన్నాడు. కర్లపాలెం దాటాం. రెండు మైళ్ళు పోయాక అంకె మెల్లగా ఎక్కింది, దిగడం మానేసింది. లైటు వచ్చింది. బండి ఆపించి, ఇంజను ఆపేయించాను. సున్నాకు రావాలి. రాలేదు.

రోడ్డు పక్కనే కిందికి దూరాను. ముందువైపు సన్న గొట్టాన్ని తడుముకుంటూ వెళ్తే, లోపలికి, రేకు మూతకింద, ఒకచోట నల్ల టేపు తగిలింది. వేలు కాలింది. టేపు విప్పితే లోపల తెల్లటి ప్లాస్టిక్ గొట్టం. రొయ్యల చెరువుల్లో గాలి ఊదడానికి వాడతారే, ఆ గొట్టం. వేడికి ఉడికిన సేమ్యాలా మెత్తబడి మడత పడిపోయి ఉంది. బండి లాగేటప్పుడు ఒత్తిడి ఆ మడతను తోసుకుని సెన్సరులోకి పోతుంది, వెనక్కి మాత్రం రాలేదు. చల్లారితే గొట్టం మళ్ళీ గట్టిపడి తెరుచుకుంటుంది. పొద్దున్నే చూసే నాకు ఎప్పటికీ సున్నాయే.

ఇంత తెలివితక్కువ పని చేసిన మేస్త్రీ ఎవడా అని ఒక బూతు కూడా తిట్టాను. తిట్టాక, టేపు చుట్టిన తీరు చూసి గుర్తుపట్టాను. ఆ మేస్త్రీని నేనే.

ఈ లైటు మొదలవకముందు, కోతల రోజులవి. కుప్పల్లోంచి ఎలుకలు బండ్లలోకి చేరి రబ్బరు కొరికేస్తుంటాయి. రేపల్లెలో పెట్టెలన్నీ ఎక్కించాక ఈ గొట్టం తెగి ఉందని బాబాయ్ నన్ను పిలిచాడు. పక్కనే రొయ్యల మేత కొట్లో జానెడు గొట్టం అడిగి, అతికించి, టేపు చుట్టి, అసలుది తెప్పించి వేస్తానని చెప్పి పంపాను. సాయంత్రానికే మర్చిపోయాను.

బాపట్ల షెడ్డులో అసలు గొట్టం దొరికింది. వేశాను. లైటు పోయింది. ప్లాస్టిక్ ముక్క నా జేబులో ఉంది. దాన్ని ఏ కాలవలోనో పారేసి, వైరు వదులైందండీ అంటే అడిగేవాడు లేడు. పారేద్దామనే అనిపించింది, అబద్ధం ఎందుకు. తెనాలి బస్సెక్కి అప్పికట్ల దగ్గర చెప్పేద్దామనుకున్నాను, పొన్నూరులో వద్దనుకున్నాను. ఈ మాట బయటికొస్తే మూడూళ్ళలో నా స్కానరును ఎవరు నమ్ముతారు? తెనాలిలో దిగేసరికి చొక్కా తడిసిపోయింది.

నేరుగా స్టాండుకే వెళ్ళాను. టీ బంకు దగ్గర అందరూ ఉన్నారు. గొట్టం ముక్క ఓనరుగారి చేతిలో పెట్టాను. "డీజిల్ తప్పు కాదండీ. బాబాయ్ తప్పూ కాదు. ఇది నేను వేసిన గొట్టం. చూడకుండా ఆయన మీద నోరు పారేసుకున్నాను."

ఓనరుగారు చాలాసేపు ఆ ముక్కనే తిప్పి చూశారు. "ఆయన ఎత్తుకుంటే పెరిగినవాణ్ణయ్యా నేను. నీ మాట పట్టుకుని..." అని ఆగిపోయారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

బాబాయ్ అమృతలూరు దగ్గర ఎవరిదో ట్రాక్టరు తోలుతున్నాడని తెలిసి మర్నాడు వెళ్ళాను. ఆయన గట్టు మీద కూర్చుని క్యారియరు విప్పుతున్నాడు. అంతా చెప్పాను. క్షమించమన్నాను.

"ఓనరుగారు ఫోన్ చేశార్లే. సోమవారం రమ్మన్నారు" అన్నాడు.

"వెళ్తావా బాబాయ్?"

"వెళ్ళాలిగా. అందరూ చూస్తుండగా దిగా. అందరూ చూస్తుండగానే ఎక్కాలి."

నాకు ఇంకొకటి అడగాలని ఉంది, అడగడానికి భయంగానూ ఉంది. "ఆ గొట్టం నేను వేసేటప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. దానివల్లేనని నీకు అనుమానం రాలేదా?"

"ఎందుకు రాలేదు? అందుకేగా కిందికి దూరమన్నా."

"మరి నిన్ను అంత మాట అన్నప్పుడు, అందరి ముందూ నా పేరు చెప్పేయకపోయావా!"

ఆయన ముద్ద కలుపుతూ తలెత్తాడు.

"నేను మాత్రం విప్పి చూశానా అబ్బాయ్? చూడకుండా నీ మీద ఎట్టా చెప్పేది?"