కరెంటు పోతే సాల్మన్ సారు

కరెంటు పోతే మనుషులు విసనకర్ర వెతుక్కుంటారు. సాల్మన్ సారు మాత్రం టీవీ అయిపోయేవారు.

ఎనభై ఆరులో హన్మకొండలో ఆయన మోటారు వైండింగ్ నేర్పే శిక్షణ కేంద్రానికి ఒక టీవీ, ఒక వీసీఆర్, సంచెడు కేసెట్లు వచ్చాయి. కేసెట్లలో టై కట్టుకున్న ఒకాయన గడగడా ఇంగ్లీషులో పాఠం చెప్పేవాడు. సాల్మన్ సారు కిటికీలు మూసి, వరండా తలుపు వారగా నిలబడేవారు. పాఠం కాస్త ముదరగానే కరెంటు పోయేది. సారు గబగబా కిటికీలు తెరిచి, తువ్వాలును మెడకు టైలా చుట్టి, టీవీకి అడ్డంగా నిలబడి, మొదట వచ్చే సంగీతం కూడా నోటితోనే వాయించి మరీ పాఠం అందుకునేవారు.

"ఇగ సూడుండ్రి! ఆయన స్లాటు స్లాటన్నది గీ గాడినే. తీగ ఈడ దూరి గాడ తేల్తది. తీగ మీది పూత గీసుకపోయిందా, మోటరు కాలి బుగ్గయితది." అంతలో ఒళ్లంతా వణికించి, "గీతలొస్తున్నయి, ఎవలన్న నా నెత్తి మీద ఒక్కటి కొట్టుండ్రి!" అనేవారు.

హసన్‌పర్తి నుంచి వచ్చే ప్రమీలకు ఆ పాఠమే ప్రాణం. ఆ బ్యాచ్‌లో ఆమె ఒక్కతే ఆడపిల్ల. టై ఆయన మాట ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. అడిగితే నవ్వుతారని ఊరికే పెన్ను కదుపుతూ కూర్చునేది. విచిత్రంగా, ఆమె బిత్తరచూపులు మొదలైన మరుక్షణం కరెంటు పోయేది. కరెంటాఫీసులో తన మీద జాలిపడే మహానుభావుడెవరో ఉన్నాడని ఆమె నమ్మకం.

ప్రిన్సిపాల్ లక్ష్మీనర్సయ్యకు మాత్రం ఒళ్లు మండిపోయేది. కేసెట్లు నడవకపోతే టీవీ వెనక్కి తీసుకుపోతామని పైవాళ్లు బెదిరిస్తున్నారు. ఓ రోజు కరెంటు పోగానే లైన్‌మన్ మొగిలయ్యను పట్టుకొచ్చారు.

"మా లైన్ల తప్పు లేదు సారూ. పక్కన పిండిగిర్ని బరాబర్ నడుస్తాంది" అంటూ మొగిలయ్య వరండాలో ఫ్యూజుల పెట్టె తెరిచాడు. "అరే, ఫ్యూజే లేదు!"

ప్రిన్సిపాల్ సాల్మన్ సారును బయటికి పిలిచారు. మెడలో తువ్వాలు టైతోనే వచ్చారాయన. చొక్కా జేబులోంచి పింగాణీ ఫ్యూజు తెల్లగా తొంగిచూస్తోంది.

"ఏంది సాల్మన్ సారూ ఇది?"

"ఏం జెయ్యాలె సారూ? సమజ్ గాలేదని పిల్లలు నోరు తెరవరు. నేను టీవీ బందు జేస్తే, ఎవలికి రాలేదోనని ఒకల మొఖం ఒకలు సూసుకుంటరు. కరెంటు పోతే ఎవలికి నామోషి?"

తలుపు పక్క బల్ల మీదున్న ప్రమీలకు అంతా వినబడింది. ఇన్నాళ్లూ ఉత్త పుణ్యానికి కరెంటాఫీసుకు దండం పెట్టుకున్నానని నవ్వొచ్చింది.

ప్రిన్సిపాల్ ఫ్యూజు తీసుకుని స్వయంగా బిగించి, "ఇగ దీన్ని ముట్టకుండ్రి" అని వెళ్లిపోయారు.

మరునాడు ఆయనే వచ్చి వెనక కూర్చున్నారు. టై ఆయన జోరందుకున్నాడు. సాల్మన్ సారు చేతులు కట్టుకుని అవస్థపడుతున్నారు. ప్రమీల లేచింది.

"సారూ, నాకు సమజైతలేదు. జర ఫ్యూజు తియ్యుండ్రి."

ఎవరూ నవ్వలేదు. "నాక్కూడ" అన్నాడు మగ్గం మానేసి వచ్చిన పెద్దులు. ఆ మూల నుంచి ఇంకొకడు, ఈ మూల నుంచి ఇంకొకడు.

సాల్మన్ సారు బిక్కుబిక్కుమంటూ ప్రిన్సిపాల్ వైపు చూశారు.

"తియ్యుండ్రి" అన్నారు ప్రిన్సిపాల్, కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "పైవాళ్లకు నేను జెప్పుకుంట. పొద్దటి సంది ఆయన ఏమంటాండో నాకు గూడ ఎక్కుతలేదు."