కార్డు పట్టే ఫోను

ఆరేళ్ల కిందటి చవక ఫోనును ఇప్పుడు కొనవచ్చా అని నన్నెవరైనా అడిగితే వద్దనే చెబుతాను. ఎందుకు వద్దో కూడా చెప్పగలను. అలాంటి ఫోనుకు కంపెనీవాళ్లు అప్‌డేట్లు పంపడం ఎప్పుడో ఆపేసి ఉంటారు. డబ్బులు పంపే యాప్‌లు కొన్నాళ్లకు దాన్ని నమ్మడం మానేస్తాయి. వాడకుండా పెట్టెలో ఉంచినా బ్యాటరీకి వయసు మీద పడుతూనే ఉంటుంది. ఇవి ఎవరి నోటనో విన్న మాటలు కావు. సూర్యాపేట లైబ్రరీలో పాత పత్రికల కట్టలు విప్పి, రెండు శనివారాలు కూర్చుని చదివి, నోటుబుక్కులో రాసుకున్నవి. అంతా చదివి, అంతా అర్థమయ్యాక, నేను అలాంటి ఫోనే కొన్నాను.

ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. మాది మోతె దగ్గర ఊరు. ఊళ్లో బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతాను. వాళ్లు తిన్నాక గిన్నెలు కడిగేసరికి రెండున్నర అవుతుంది. ఆ తర్వాతి పొద్దు నాది. శనివారం పని తొందరగా తెముల్చుకుని బస్సెక్కి సూర్యాపేట లైబ్రరీకి పోతాను. మొదటిసారి పోయినప్పుడు అక్కడి సారు, "పుస్తకం ఎవరికమ్మా?" అని అడిగారు. నాకే అన్నాను. ఇప్పుడు కొత్త పుస్తకాలు వస్తే ఒకటో రెండో నా కోసం పక్కన పెడతారు. తెలియని మాట వస్తే అక్కడి లావు నిఘంటువు తీసి చూస్తాను. వండే చేతులు కదా, ముందు కొంగుకు తుడుచుకుని గానీ పుట ముట్టను.

మా ఆయనకు చదువు రాదు. అంకెలు మాత్రం వచ్చు. మాకు గొర్లున్నాయి. ఏటా యాసంగి కోతలు కాగానే ఆయన, మరో ఇద్దరు ముగ్గురు కలిసి మందను తోలుకుని కాలువ కింది ఊళ్లకు పోతారు. మాడుగులపల్లి, త్రిపురారం వైపు కోసిన పొలాల్లో మందను రెండు రాత్రులు నిలబెడితే ఆ మడికి వేరే ఎరువు అక్కర్లేదు. అందుకని రైతులు పిలిచి మరీ పెట్టించుకుంటారు. ఒక పొలం అయ్యాక ఇంకొకటి, అలా తొలకరి దాకా తిరుగుతారు. నేను వెంట పోవడానికి లేదు. అంత దూరం నడవలేని గొర్రెపిల్లలు, కొత్తగా ఈనిన గొర్లు ఇంటి దగ్గరే ఉంటాయి. వాటిని చూసేది నేనే.

పెళ్లయినప్పటి నుంచి నాకు ఎండాకాలం అంటే ఇదే. ఆయన పోయిన మొదటి వారం ఇంట్లో గొంగడి వాసన ఉంటుంది. తర్వాత అది పలచబడుతుంది. ఎంత పలచబడిందో చూద్దామని నేనే పోయి ఆయన గొంగడి వేసే దండెం దగ్గర నిలబడతాను. ఫోన్లో మాట్లాడుకుంటాం గానీ, పొలాల్లో సిగ్నల్ ఉండదు. కాలువ గట్టెక్కి చేయాలి. గట్టు మీద గాలి. ఆ గాలిలో గొర్ల సంగతి, మేత సంగతి చెప్పుకునేసరికి మందలోంచి ఎవరో ఒకరు ఆయనను పిలుస్తారు.

చలికాలం వేరు. చలికాలం ఆయన ఇంటి ముందు కూర్చుని గొర్ల డెక్కలు చూస్తుంటే, నేను పక్కన పీట వేసుకుని లైబ్రరీ పుస్తకం పైకి చదివేదాన్ని. వింటున్నాడో లేదో తెలిసేది కాదు. ఆపితే మాత్రం తల ఎత్తకుండానే, "ఆపినవేంది" అనేవాడు.

ఆ మాట కోసమే ఈ ఏడు ఒక పని చేశాను. పడవ నడిపే ఒక కుటుంబం మీద లావుపాటి నవల తెచ్చి, మధ్యాహ్నం పని అయ్యాక బడి వరండాలోనే కూర్చుని, మొత్తం పైకి చదువుతూ నా ఫోనులో రికార్డు చేశాను. ఇరవై ఆరు భాగాలైంది. ఆయనకు అంకెలు వచ్చు గనుక ఒక్కోదానికి 1, 2, 3 అని అంకెలే పేర్లు పెట్టి, మోతెలో ఫోన్ల షాపులో చిన్న కార్డులోకి ఎక్కించుకున్నాను. ఆయన పాత ఫోనులో కార్డు పెట్టి, ఒక బటను నొక్కితే ఒకదాని వెనక ఒకటి వస్తాయని చూపించాను. మంద కదిలిన రోజు ఆ ఫోను చొక్కా లోపలి జేబులో పెట్టుకుని పోయాడు.

నెల తర్వాత గట్టు మీద నుంచి ఫోన్ చేసి, "కత అయిపోయింది. మల్ల మొదటి నుంచి ఇంటున్న" అన్నాడు. ఎట్లుంది అంటే మంచిగుంది అన్నాడు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండి కూడా ఆ రోజు నాకు ఒంటరిగా అనిపించలేదు.

ఆ తర్వాత వారానికే, మందను కాలువ దాటిస్తుంటే ఫోను నీళ్లలో పడింది. తోటి గొర్లాయన ఫోను అడిగి తీసుకుని చేశాడు. "ఫోను సచ్చింది. కార్డు మాత్రం బతికింది, తుడిసి పంపిస్తున్న" అన్నాడు. పెట్టేయబోతూ, "పొద్దుగూకితే ఏం తోస్తలేదు" అన్నాడు. ఆయన నోట అలాంటి మాట నేను అంతకు ముందు వినలేదు. అటువైపు నుంచి ఊరికి వచ్చేవాళ్ల చేత కార్డు పంపించాడు. నేను నోటుబుక్కు తీసుకుని లైబ్రరీకి పోయింది అందుకే.

సూర్యాపేటలో ఒక ఫోన్ల షాపులో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మే అబ్బాయి వరసగా ఫోన్లు పరిచాడు. అన్నీ పలచగా, అద్దంలా ఉన్నాయి.

"కార్డు పడుతదా తమ్మీ?"

"ఈ కాలంల కార్డెవరు పెడుతున్నరక్కా. అంత నెట్ల నుంచే."

"గొర్ల దగ్గర నెట్టు ఉండదు."

"గొర్లకు నెట్టెందుకక్కా?"

"గొర్లకు కాదు, గొర్లోనికి."

వాడు నవ్వి కార్డు పట్టేది ఒకటి తీశాడు. వెనక మూత రాదు. బ్యాటరీ లోపలే అతికి ఉంది. మా ఆయన దగ్గర పాత ఫోనువి విడి బ్యాటరీలు రెండున్నాయి. ఊళ్లో చాయ్ హోటల్లో వాటిని చార్జింగుకు ఇచ్చి, నిండినది తెచ్చుకుని మార్చుకుంటూ వారం గడుపుతాడు. పొలాల్లో కరెంటు ఎక్కడిది? ఆ సంగతి చెప్పి పాత ఫోను మోడల్ పేరు చెబితే వాడు నా ముఖం చూశాడు.

"అది ఇంకెక్కడుందక్కా. జర కోదాడ పోయి సూడు. బస్టాండు దగ్గర రిపేర్లు చేసే పెద్దమనిషి ఒకాయన ఉంటడు. అమ్ముడుపోని డబ్బాలన్ని ఆయన దగ్గరనే."

మర్నాడు పొద్దున్నే కోదాడలో దిగాను. మా ఆయన పాత ఫోను మోడల్ పేరు చెబితే, రిపేర్ల పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదికి ఎక్కించి, బల్ల కింద వెతికి, దుమ్ము పట్టిన పెట్టె తీశాడు. సీలు కూడా తీయని అదే మోడల్ ఫోను.

"అమ్ముకునేవాణ్ణే గానీ ఒక మాట చెబుతానమ్మా. ఇది తీసుకోకండి."

"అప్‌డేట్లు రావని తెలుసు. పైసల యాప్‌లు పనిజెయ్యవని తెలుసు. బ్యాటరీ పెట్టెల్నే ముసలిదై ఉంటది, అదీ తెలుసు."

"ఇవన్నీ ఎవరు చెప్పారమ్మా?"

"సదివిన. లైబ్రరీల."

"చదివి కూడా కొంటారా?"

నేను నవ్వి కార్డు తీసి బల్ల మీద పెట్టాను. పెట్టి చూడమన్నాను. ఆయన కార్డు దూర్చి, చార్జరు తగిలించి బటను నొక్కాడు. చిన్న షాపు కదా, నా గొంతు గోడలకు తగిలి గట్టిగా వినిపించింది. ఆ గొంతు వెనక ఎక్కాలు చెప్పే పిల్లల గోల. రిపేరుకు వచ్చి నిలబడ్డ ఒకామె నన్ను, ఫోనును మార్చి మార్చి చూసింది. నాకు సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి. అప్పుడు తెర మీద వరస చూశాను.

1. దాని కింద 10. దాని కింద 11.

ఫోను తీసుకుని వేలితో పైకి జరిపాను. పంతొమ్మిది తర్వాత 2. తర్వాత 20. ఇరవై ఆరు తర్వాత 3, 4, 5. అన్నిటికీ చివర 9.

"ఇదేంది?" అన్నాను.

"దీని లెక్క ఇంతేనమ్మా. మొదటి అంకె చూసి సర్దుకుంటుంది. ఒకటి తర్వాత పది అంటుంది. ఒంటి అంకెల ముందు సున్నా పెట్టుకోవాలి. మీ పాత ఫోను కూడా ఇట్టాగే చేసి ఉంటుందే. చూసుకోలేదా?"

చూసుకోలేదు. నా ఫోనులో అవి రికార్డు చేసిన వరసలోనే కనిపించేవి. మా ఆయన ఫోనులో కార్డు పెట్టిన రోజు మొదటి భాగం వినిపించి, సంబరపడి ఇచ్చేశాను. పుట ముట్టే ముందు చేయి తుడుచుకునేదాన్ని, ఒక నవల మొత్తాన్ని చిందరవందర చేసి మనిషి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అలాగే చివరి దాకా విని, మంచిగుంది అన్నాడు.

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే బస్సులో, కొన్న ఫోను పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఆయన ఏం విన్నాడో నా వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాను. మొదటి భాగంలో పడవాయనకు పెళ్లవుతుంది. వెంటనే పదో భాగం, జ్వరం. పన్నెండులో ఆయన చనిపోతాడు. తర్వాత ఆమె ఒంటరిగా పడవ నడుపుతుంది. అంతలో రెండో భాగం వచ్చి మళ్లీ కొత్త కాపురం. ఇందులో ఒక్క ముక్కైనా అర్థమై ఉంటుందా? విననే లేదేమో. నా మనసు నొచ్చుకోకుండా విన్నానని చెప్పాడేమో. చలికాలమంతా తల ఎత్తకుండా కూర్చున్నది కూడా అందుకేనేమో. మిర్యాలగూడలో రైస్ మిల్లుల ఊక వాసన తగిలేసరికి నాకు అదొక్కటే తెలుసుకోవాలని ఉంది. ఫోను సంగతి మరిచిపోయాను.

త్రిపురారంలో ఆటో దిగి, దారి అడుగుతూ పోతే, కాలువ పక్క తుమ్మచెట్ల నీడలో మంద కనిపించింది. తోటి గొర్లాయన ముందు చూశాడు.

"వదినె వచ్చింది. నీ కత ఇననీకి మేం గూడ దగ్గరకు జరిగి కూసుంటుంటిమి వదినె. ఈయన నోరు తెరవనిస్తడా? దగ్గినా తిడ్తుండె."

"నువ్వు దగ్గుడు తక్కువ, గురక ఎక్కువ" అని మా ఆయన వాణ్ణి గొర్ల వైపు పంపాడు. నల్లబడి ఉన్నాడు. మెడ దగ్గర ఎముకలు తేలాయి. నన్ను చూసి, "ఇంత ఎండల ఎందుకొచ్చినవే" అన్నాడు గానీ, కూర్చోవడానికి అప్పటికే గొంగడి పరిచాడు.

పెట్టె ఆయన ఒళ్లో పెట్టాను. ఫోను వెనక మూత తీసి, తన విడి బ్యాటరీ ఒకటి అందులో పెట్టి చూశాడు. పట్టింది. తెర వెలిగింది.

"కత ఎట్లుండె?" అన్నాను.

"మంచిగుందని చెప్పిన గద."

"గట్ల కాదు. ఏమైతదో నాకు చెప్పు. నేను ఇంట."

గొర్ల వైపు చూస్తూ చెప్పసాగాడు. "పడవాయనకు పెండ్లయితది. ఎంతో సేపు కాలే, జరమొచ్చి పోతడు. నాకు మస్తు బాధైంది. గింత తొందరగ సంపుతరా అనుకున్న. ఆమె ఒక్కతే పడవ నడుపుతది. తర్వాత సూస్తే ఆయన ఇంట్ల కూసొని అన్నం తింటుండు."

"నీకు అనుమానం రాలేదా?"

"ఎందుకొస్తది? ఆమె యాది జేసుకుంటుంది అనుకున్న. మనిషి పోయినంక గట్లనే గదా, ముందటిది ఎనక, ఎనకటిది ముందు అయితది. పడవ అమ్మేస్తది. అమ్మినంక ఇగ కూసొని వయసుల ఉన్నప్పటిదంత యాది జేసుకుంటది. కొట్లాడింది, మాట్లాడుకోనిది, మల్ల కలిసింది. ఆఖరికి ఒక్క మనిషిని ఎక్కించుకోకుంట ఇద్దరే పడవల అవుతలి ఒడ్డుకు పోతరు. గంతే. రాసినోడు తెలివైనోడు."

ఒక్క ముక్క వదలకుండా విన్నాడు. నేను చిందరవందర చేసింది తన మనసుతో వరస చేసుకున్నాడు. తప్పు ఉంటుందని ఆయనకు తట్టలేదు, చదివింది నేను గనుక.

చెప్పాను. తెర మీద వరస చూపించాను. ఒకటి, పది, పదకొండు అని వేలు పెట్టి తనే చదువుకున్నాడు.

"అయితే నిజం కతల ఆఖరికి ఏమైతది?"

"పడవ అమ్మేస్తది."

"ఆమె ఒక్కతేనా?"

"ఒక్కతే."

గొర్రె ఒకటి గుంపు దాటి పోతుంటే నాలుకతో చప్పుడు చేసి మళ్లించాడు. "సరే, నీకు తెలిసినట్టు సరిజెయ్యి" అన్నాడు.

నాకు బస్సు టైమవుతోంది. ఇంటి దగ్గర పిల్లగొర్లను పక్కింటామెకు అప్పజెప్పి వచ్చాను. గొంగడి మీద కూర్చుని ఒంటి అంకెల ముందు సున్నాలు పెట్టడం మొదలుపెట్టాను. 1 పోయి 01 అయింది. 2 పోయి 02. ఒక్కొక్కటీ లేచి పైకి, తన చోటికి పోతుంటే మా ఆయన నా భుజం మీదుగా చూస్తున్నాడు. చెమట వాసన, ఉన్ని వాసన. ఎనిమిదో దాని దాకా వచ్చాను. ఇక మిగిలింది తొమ్మిది ఒక్కటే, ఇద్దరే పడవలో అవతలి ఒడ్డుకు పోయే భాగం. సున్నా పెట్టకపోతే అది ఇరవై ఆరు కింద, అన్నిటికీ చివర ఉంటుంది.

ఆయన చేయి వచ్చి తెర మీద ఆగింది.

"గిది ఉండనియ్."

"వరస తప్పితది."

"తప్పనియ్. నువ్వు ఇప్పుడు బస్సెక్కి పోతవు. ఇంక నెల దినాలు ఇనాల్సింది నేను."

రచయిత పెట్టిన చోటు అది కాదు. పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టు చదవాలని నాకు నేను పెట్టుకున్న నియమానికీ అది సరిపోదు. వేలు తీసేశాను. ఫోను ఆయన చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని రోడ్డు వైపు నడిచాను.